కిరీటాలు మార్చే మాంత్రికుడు: డిజ్రాయిలీ చిత్తరువులు, వ్యంగ్యచిత్రాలు

పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ నాయకుల్లో బెంజమిన్ డిజ్రాయిలీ అంత తేలిగ్గా బొమ్మకు చిక్కినవాడు ఇంకొకడు లేడు. నుదుటి మీదికి జారి రింగు తిరిగిన వెంట్రుకల పాయ ఒకటి, గడ్డం కొసన చిన్న కుచ్చు, సగం వాలిన కనురెప్పలు, పొడుగాటి ముక్కు, మూలలు కిందికి దిగిన పెదవులు. వీటిలో ఏ రెండు గీసినా లండన్‌లో పత్రిక చదివేవాడికి ఆ మనిషెవరో తెలిసిపోయేది. కింద పేరు రాయనక్కర్లేదు. 1804లో పుట్టి, 1837లో పార్లమెంటులో అడుగుపెట్టి, 1868లో కొన్ని నెలలు, తిరిగి 1874 నుంచి 1880 దాకా ప్రధానమంత్రిగా ఉండి, 1881 ఏప్రిల్ 19న చనిపోయిన ఈ మనిషిని దాదాపు అర్ధశతాబ్దం పాటు చిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు, కార్టూనిస్టులు వదిలిపెట్టలేదు.

ఇన్ని బొమ్మల్ని వయసు వరసలో పేర్చి చూడడం మామూలుగా జరిగేదే. అలా కాకుండా ఒక పక్క తైలవర్ణ చిత్తరువును, ఇంకో పక్క ఆ కాలంలోనే వచ్చిన వ్యంగ్యచిత్రాన్ని పెట్టి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. చిత్తరువు ఆయన్ని ఇంగ్లిష్ పెద్దమనిషిగా నిలబెట్టడానికి పాటుపడుతుంది. కార్టూను ఆయన్ని పరదేశిని చేస్తుంది, తూర్పుదేశాల ప్రస్తావన వచ్చినప్పుడు మరీను. ఈ తేడాలో ఒక మనిషి పరువు కన్నా పెద్ద విషయం ఉంది. ఇండియా పేరుతో బ్రిటన్ చేసిన పనుల బాధ్యత ఆ బొమ్మల్లో ఎవరి నెత్తిన పడిందో, ఎవరు దాన్నుంచి తప్పించుకున్నారో ఇక్కడే కనిపిస్తుంది.

అయితే మొదటి గీత కార్టూనిస్టులు గీసింది కాదు, డిజ్రాయిలీ తనంతట తాను గీసుకున్నదే. ఆయన పుట్టింది యూదు కుటుంబంలో. తండ్రి ఐజాక్ పేరున్న సాహితీవేత్త. యూదుల ప్రార్థనామందిరంతో తగాదా పడి, 1817లో పిల్లలందరికీ క్రైస్తవంలో బాప్తిస్మం ఇప్పించాడు. ఆ బాప్తిస్మమే లేకపోతే పార్లమెంటు తలుపు కొడుక్కి తెరుచుకునేది కాదు. యూదు మతంలోనే ఉన్నవాళ్లు కామన్స్ సభలో కూర్చోవడానికి 1858 దాకా ఆగాల్సి వచ్చింది. అలాంటి పుట్టుక ఉన్నవాడు నలుగురిలో కలిసిపోవాలని చూస్తాడని అనుకుంటాం. డిజ్రాయిలీ సరిగ్గా దానికి ఎదురు నడిచాడు. నిగనిగలాడే ఉంగరాల జుట్టు, వేళ్లకు ఉంగరాలు, వెల్వెట్ బట్టలు, ఛాతీ మీద బంగారు గొలుసులు. 1830-31లో టర్కీ, పాలస్తీనా, ఈజిప్టు తిరిగొచ్చాక ఆ వేషానికి తూర్పు సొగసు కూడా తోడైంది.

1833లో ఫ్రేజర్స్ మ్యాగజైన్ కోసం డేనియల్ మాక్లీస్ గీసిన బొమ్మలో ఈ యువ నవలాకారుడు కులాసాగా చేరగిలి నిలబడి ఉంటాడు. గీతలో కొంత ముచ్చట ఉంది, కొంత వెక్కిరింపూ ఉంది. మరుసటి ఏడాది కౌంట్ దోర్సే గీసినదీ, 1840లో ఎ. ఇ. షాలన్ గీసినదీ చూస్తే ఆ ముచ్చటే పైచేయిగా కనిపిస్తుంది. ఈ దశలో చిత్తరువుకూ వ్యంగ్యచిత్రానికీ మధ్య గట్టి హద్దు ఇంకా పడలేదు. మనిషే బొమ్మలా తయారై వచ్చేవాడు కాబట్టి చిత్రకారుడికి కొత్తగా కల్పించాల్సిన పని లేదు. కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది. తర్వాత నలభై ఏళ్ల పాటు ఆయన్ని కొట్టడానికి శత్రువులు వాడిన ప్రతి ఆయుధమూ ఈ తొలినాటి బొమ్మల్లోనే దొరుకుతుంది. 1837 డిసెంబర్ 7న సభలో తొలి ప్రసంగానికి లేచినప్పుడు ఆ వేషమూ, ఆ మాటతీరూ చూసి సభ్యులు గోల చేసి నవ్వారు. ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఇప్పుడు కూర్చుంటున్నాను గానీ నా మాట మీరు వినే రోజు వస్తుందని అరిచి కూర్చున్నాడు.

ఆ రోజు రాబర్ట్ పీల్ మీద తిరుగుబాటుతో వచ్చింది. సొంత పార్టీ ప్రధానినే మాటలతో చీల్చి చెండాడి 1846లో గద్దె దించడంలో డిజ్రాయిలీ ముందున్నాడు. కానీ పంచ్ అనే వ్యంగ్య వారపత్రికలో కార్టూనిస్టు జాన్ లీచ్‌కి ఆయన ఇంకా పిల్లవాడే. 1847 నాటి కార్టూనులో పెద్దాయన పీల్ ఒంగి, ఈ సమావేశాల్లో ఏం చేయబోతున్నావు బాబూ అని అడుగుతాడు. బొటనవేలంత డిజ్రాయిలీ షోకుగా నిలబడి, అందర్నీ చితక్కొట్టడానికి ఏర్పాట్లు చేసుకున్నానని నత్తుతూ జవాబిస్తాడు. లీచ్ బొమ్మల్లో డిజ్రాయిలీ ఇలాగే చిన్నగా ఉంటాడు. ఆయన ఎదుగుదలను కొలవడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు. కార్టూన్లలో ఆయన ఒడ్డూ పొడుగూ పెరగడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది.

ఈలోగా చిత్తరువులు తమ పని మొదలుపెట్టాయి. 1848లో బకింగ్‌హమ్‌షైర్‌లో హ్యూయెండెన్ ఎస్టేటు చేతికొచ్చింది. తన టోరీ (కన్జర్వేటివ్) పార్టీని నడిపించాలంటే భూమి ఉన్న పెద్దమనిషి అయ్యుండాలి, అందుకే బెంటింక్ కుటుంబం అప్పిచ్చి మరీ ఆ భూమి కొనిపించింది. 1852లో ఆర్థికమంత్రి అయిన ఏడే ఫ్రాన్సిస్ గ్రాంట్ ఆయన్ని చిత్రించాడు. గ్రాంట్ వేటగాళ్లనూ గుర్రాలనూ జమీందారీ కుటుంబాలనూ గీసి పేరు తెచ్చుకున్నవాడు, తర్వాత రాయల్ అకాడమీ అధ్యక్షుడయ్యాడు. అలాంటివాడి చేత గీయించుకోవడమే ఒక ప్రకటన. ఉంగరాలూ గొలుసులూ వెల్వెట్టూ మాయమై నల్లకోటు వచ్చింది. చూపులో బరువు వచ్చింది. జుట్టు మాత్రం అలాగే ఉంది. అది తీసేస్తే మనిషి పోలిక పోతుందని గ్రాంట్‌కి తెలుసు. ఈ చిత్తరువు ఇప్పటికీ హ్యూయెండెన్‌లోనే ఉంది.

ఇక్కడి నుంచి కథ జాన్ టెనియల్ చేతిలోకి వెళ్తుంది. ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ పిల్లల కథలకు బొమ్మలు గీసిన టెనియలే ఈయన. 1850 చివర్లో పంచ్‌లో చేరాడు. 1864లో లీచ్ చనిపోయాక వారం వారం పెద్ద కార్టూను భారం ఆయన మీదే పడింది, 1901 దాకా దాన్ని మోశాడు. ఆ కార్టూను ఎలా తయారయ్యేదో తెలియకుండా డిజ్రాయిలీ ముఖం ఎందుకలా గట్టిపడిందో అర్థం కాదు. బుధవారం రాత్రి పంచ్ సిబ్బంది కలిసి భోంచేసేవాళ్లు. వారం రాజకీయమంతా అక్కడ వాదనకొచ్చి, ఏ బొమ్మ వేయాలో ఆ బల్ల దగ్గరే తేలేది. అంటే ఆలోచన టెనియల్ ఒక్కడిది కాదు, నలుగురూ కలిసి తేల్చింది. గురువారం ఆయన కాగితం మీద నమూనా వేసుకుని, దాన్ని తిరగేసి బాక్స్‌వుడ్ దిమ్మ మీదికి దించేవాడు. శుక్రవారం సాయంత్రానికి ఆ దిమ్మ జోసెఫ్ స్వైన్ కార్ఖానాకు చేరాలి. పెద్ద దిమ్మను చిన్న ముక్కలుగా చేసి బోల్టులతో బిగించేవాళ్లు కాబట్టి, ముక్కలు విప్పి పలువురు పనివాళ్లకు పంచి రాత్రికి రాత్రి చెక్కించడం కుదిరేది. పెన్సిలు గీతకు అటూ ఇటూ ఉన్న చెక్క అంతా తవ్వేస్తే మిగిలే గట్టే అచ్చుపడే గీత.

అలాంటి పనిలో సన్నటి నీడలు నిలవవు. చేతులు మారినా చెడని గుర్తులు కావాలి. నుదుటి మీది రింగు, గడ్డం కుచ్చు అందుకే అంత విలువైనవయ్యాయి. పైగా టెనియల్ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీసేవాడు కాదు. కుర్రతనంలో కత్తిసాములో దెబ్బ తగిలి ఒక కన్ను పోయింది, కానీ జ్ఞాపకశక్తి అసాధారణం. ఫొటోలు చూసుకునేవాడు, మిగతాది మనసులోంచి తీసేవాడు. ఏళ్ల తరబడి గీసిన ముఖం ఇలా క్రమంగా మనిషి నుంచి విడివడి ఒక ముద్ర అయిపోయింది. అసలు మనిషి ముసలివాడవుతున్నాడు, జుట్టుకు రంగు వేసుకుంటున్నాడు, ఉబ్బసంతోనూ కీళ్లవాతంతోనూ బాధపడుతున్నాడు. ముద్రకు ఆ బాధలేమీ లేవు.

డిజ్రాయిలీ గొప్ప ప్రత్యర్థి, లిబరల్ పార్టీ నాయకుడు గ్లాడ్‌స్టన్ విషయంలో కార్టూనిస్టులు ఇలాంటి గుర్తు కోసం చాలా వెతుక్కోవాల్సి వచ్చింది. చివరికి హ్యారీ ఫర్నిస్ ఆయన మెడకు చెవులు దాటే కాలర్లు తగిలించాడు. గ్లాడ్‌స్టన్ అంత పెద్ద కాలర్లు ఎన్నడూ వేసుకోలేదని ఫర్నిసే ఒప్పుకున్నాడు, అయినా జనం అవే నిజమని నమ్మారు. డిజ్రాయిలీకి ఏదీ కొత్తగా తగిలించనక్కర్లేకపోయింది.

1860ల్లో టెనియల్ గీసిన డిజ్రాయిలీ మాయగాడే గానీ పరదేశి కాదు, ఇది గమనించాల్సిన విషయం. 1864 నవంబర్‌లో ఆక్స్‌ఫర్డ్‌లో మనిషి పుట్టుక మీద మాట్లాడుతూ, మనిషి కోతా దేవదూతా అన్న ప్రశ్న వస్తే తాను దేవదూతల పక్షమన్నాడు డిజ్రాయిలీ. రెండు వారాలకు పంచ్‌లో ఆయన దేవదూత వేషం కట్టుకుని, రెక్కలు సర్దుకుంటూ అద్దంలో చూసుకుంటున్నాడు. 1867లో పట్టణ కార్మికుల్లో చాలామందికి ఓటిచ్చి, ఓటర్ల సంఖ్యను సుమారు రెట్టింపు చేసిన సంస్కరణ చట్టాన్ని ఆయన సభలో నెగ్గించాడు. అప్పుడు ఒక కార్టూనులో డెర్బీ గుర్రప్పందెం గెలిచే రౌతయ్యాడు. ఆగస్టులో వచ్చిన ఇంకో కార్టూనులో ఆయనే గుర్రం, వీపు మీద బ్రిటానియా (బొమ్మల్లో బ్రిటన్ దేశానికి స్త్రీరూపం) కళ్లు మూసుకుని ఉంటే, అవతల ఏముందో తెలియని కంచె దూకుతున్నాడు. ఈ బొమ్మలు గుచ్చుతాయి, కానీ మన ఇంటివాడినే గుచ్చినట్టు గుచ్చుతాయి. గుర్రప్పందేలూ కంచె దూకడాలూ ఇంగ్లిష్ జీవితంలోంచి వచ్చినవి. విషయం స్వదేశానిదైతే, డిజ్రాయిలీకి దొరికే వేషమూ స్వదేశానిదే.

పక్షాన్ని బట్టి పత్రికలూ వేరుగా ఉండేవి. 1867లో మొదలైన జూడీ టోరీల వైపు, అందులో డిజ్రాయిలీ వీరుడు. ఫన్ పత్రిక లిబరల్స్ వైపు, అందులో ఆయన మోసగాడు. ఒకే ముక్కు, ఒకే జుట్టు రెండు చోట్లా రెండు రకాలుగా పనికొచ్చాయి. 1869 జనవరి 30న వానిటీ ఫెయిర్ పత్రిక రంగుల లిథోలో (రాతి అచ్చులో) తొలి వ్యంగ్య చిత్తరువు అచ్చువేసినప్పుడు దానికి ఎంచుకున్నది కూడా డిజ్రాయిలీనే. గీసింది ఇటలీ నుంచి వచ్చిన కార్లో పెల్లెగ్రీని. మరుసటి వారం గ్లాడ్‌స్టన్ వచ్చాడు. పెల్లెగ్రీని పద్ధతి టెనియల్ పద్ధతికి పూర్తిగా భిన్నం. కథ లేదు, వేషం లేదు, ఖాళీ నేపథ్యంలో మనిషి ఒక్కడే. నిలబడే తీరు, భుజాల వంపు, తల పెద్దది, కాళ్లు సన్నవి. కింద పత్రికాధిపతి బోల్స్ రాసిన వ్యాఖ్య సారాంశం ఇది: టోరీలకు పాఠం చెప్పాడు, ప్రత్యర్థి విగ్ పార్టీవాళ్లను దెబ్బతీసి సంస్కరణ తెచ్చాడు, కానీ తానున్న స్థితి నుంచి ఇప్పుడున్న స్థితికి రావడమే అన్నిటికన్నా పెద్ద సంస్కరణ. మెచ్చుకోలులోనే పుట్టుక గుర్తుచేసే ముల్లు దాచిన మాట ఇది.

ఆ ముల్లు 1875 నవంబర్‌లో పూర్తిగా బయటికొచ్చింది. ఈజిప్టు పాలకుడు ఖెదీవ్ అప్పుల్లో మునిగి సూయెజ్ కాలువలో తన వాటాలు అమ్మకానికి పెట్టాడని తెలియగానే డిజ్రాయిలీ యూదు బ్యాంకర్లు రోత్‌స్చైల్డ్‌ల దగ్గర సుమారు 40 లక్షల పౌన్లు అప్పు తీసుకుని 1,76,602 వాటాలు కొన్నాడు. మొత్తంలో అది 44 శాతం. డిసెంబర్ 11న టెనియల్ గీసిన కార్టూనుకు ‘ఈజిప్టులో మోషే’ అనే ఇటాలియన్ ఆపెరా పేరు పెట్టారు; మోషే యూదుల ప్రవక్త. డిజ్రాయిలీ చేతిలో ఇండియా తాళంచెవి, వెనక సింహికా (స్ఫింక్స్) విగ్రహం ఆయనకేసి కన్ను గీటుతోంది. పని మెచ్చుకోదగ్గదే, పంచ్ కూడా మెచ్చుకుంది. కానీ మోషే పేరు, ఈజిప్టు ఇసుక, కన్నుగీటు కలిసి చెప్పేది వేరు. ఇది బ్రిటిష్ మంత్రివర్గం చేసిన కొనుగోలు కాదు, తన పూర్వీకుల దేశంలో ఒక యూదుడు గుట్టుగా కుదుర్చుకున్న బేరం అన్నది ఆ బొమ్మ ధ్వని.

నాలుగు నెలలకు అసలైన బొమ్మ వచ్చింది. విక్టోరియాకు ఇండియా సామ్రాజ్ఞి బిరుదు ఇచ్చే బిల్లు పార్లమెంటులో నడుస్తుండగా, 1876 ఏప్రిల్ 15న పంచ్ అచ్చువేసిన కార్టూను అది. మూలం అల్లావుద్దీన్ కథలో అందరికీ తెలిసిన ఘట్టం. పాత దీపాలకు కొత్త దీపాలంటూ కేకలేసుకుంటూ వచ్చిన మాంత్రికుడు అమాయకురాలి చేత అద్భుతదీపాన్ని ఇప్పించుకుంటాడు. టెనియల్ మాంత్రికుడికి డిజ్రాయిలీ ముఖం పెట్టాడు. తూర్పుదేశపు వేషంలో, కిరీటాలమ్మే వీధి వ్యాపారిలా వచ్చి రాణికి తళుకుబెళుకుల ఇండియా కిరీటం చూపిస్తున్నాడు. బదులుగా అడుగుతున్నది తరతరాల ఇంగ్లండ్ కిరీటం. కథ తెలిసినవాడికి అర్థం వెంటనే తడుతుంది: పాతదానిలోనే మహిమ ఉంది, కొత్తది పైన పటారం లోన లొటారం. ఆ కాలపు లండన్ వీధుల్లో పాతబట్టలు కొని అమ్మే యూదు వ్యాపారి బొమ్మ వెక్కిరింపు పత్రికల్లో అరిగిపోయిన సరుకు. టెనియల్ ఆ సరుకును అల్లావుద్దీన్ వేషంలో ప్రధానమంత్రికి తొడిగాడు.

గీత పరంగా ఈ కార్టూను గొప్పది, ఒక్క చూపులో మొత్తం వాదన చెప్పేస్తుంది. కానీ అది చెప్పే వాదన నిజం కాదు. ఆ బిరుదు డిజ్రాయిలీ ఎరవేసి అంటగట్టింది కాదు, విక్టోరియా తానే పట్టుబట్టి కోరుకున్నది. 1871లో జర్మనీ సామ్రాజ్యమైంది, ఆమె పెద్ద కూతురు ఆ సింహాసన వారసుడి భార్య. కూతురు రేపు సామ్రాజ్ఞి అయితే తల్లి ఉత్త రాణిగా మిగిలిపోవడం విక్టోరియాకు మింగుడుపడలేదు. రష్యాలో జారు చక్రవర్తి ఉండనే ఉన్నాడు. బిల్లు తెచ్చిన సమయం డిజ్రాయిలీకి ఇబ్బందిగానే ఉండింది. పార్లమెంటు రెండు సభలూ ఓటేసి ఆమోదించాయి. పైగా 1858 నుంచే ఇండియా కంపెనీ చేతి నుంచి రాణి ప్రభుత్వం చేతికి వచ్చింది, కాబట్టి కొత్త బిరుదుతో పాలనలో మారింది శూన్యం. కార్టూను ఈ మొత్తాన్ని ఇద్దరు మనుషుల మధ్య సంతబేరంగా కుదించింది. రాణి మోసపోయిన ఇల్లాలు, పార్లమెంటు అడ్రసు లేదు, తప్పంతా బయటినుంచి వచ్చిన మాంత్రికుడిది. సామ్రాజ్యం మీద ఇంగ్లిష్ పాఠకుడికి ఉన్న సంకోచమంతా ఒక పరాయి ముఖం మీదికి తోసేసి చేతులు కడుక్కోవడానికి ఇది దారి చూపింది.

ఆ బొమ్మలో లేనివాళ్లు ఇంకొకరున్నారు. ఇండియా కిరీటం ఉంది, ఇండియా మనుషులు లేరు. అదే ఏడాది ఆగస్టులో విక్టోరియా డిజ్రాయిలీకి బీకన్స్‌ఫీల్డ్ ప్రభువు పదవి ఇచ్చినప్పుడు టెనియల్ బేరాన్ని తిరగేసి గీశాడు: ఇప్పుడు కిరీటం పెట్టుకున్న ఆమె ఆయన తలకు ప్రభువుల కిరీటం తొడుగుతోంది. ఒక మేలుకు ఒక మేలన్నది శీర్షిక భావం. ఈసారీ ఇద్దరే.

ఆ ఇద్దరి బొమ్మలు లండన్‌లో అమ్ముడవుతుండగా మద్రాసు ప్రెసిడెన్సీలో వానలు తప్పాయి. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి తెలుగునాట దాన్ని ధాత కరువన్నారు. కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. కరువు ముదురుతున్న రోజుల్లోనే, 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు పెట్టి సామ్రాజ్ఞి బిరుదును ప్రకటించాడు. ఆ తర్వాత సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణాదికి పంపి కరువుపనుల ఖర్చు తగ్గించే పని అప్పగించాడు. మగమనిషి రోజుకూలిని ఒక పౌను బరువు గింజలకూ కొద్ది చిల్లరకూ కుదించిన కొలత టెంపుల్ పేరుతోనే నిలిచిపోయింది. 1878 దాకా సాగిన ఆ కరువులో దక్షిణ, పశ్చిమ భారతాల్లో కలిపి 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. లిట్టన్‌ను వైస్రాయిగా పంపింది డిజ్రాయిలీ. అప్పుడు మద్రాసు గవర్నరు బకింగ్‌హమ్ డ్యూకు 1867-68లో టోరీ మంత్రివర్గంలో ఆయన సహచరుడు, కరువుపనిగా కొంత భాగం తవ్వించిన కాలువకు మన కోస్తాలో నేటికీ ఆ డ్యూకు పేరే ఉంది. కరువు మీద డిజ్రాయిలీని నిలదీయాలంటే బలమైన కారణాలు ఇవి. అల్లావుద్దీన్ కార్టూను ఆయన్ని నిలదీసింది వీటికి కాదు, ఇంగ్లిష్ కిరీటం మెరుపు తగ్గించినందుకు. విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా గురి తప్పితే, అసలు తప్పు పక్క నుంచి నడిచిపోతుంది.

బల్గేరియా విషయంలో మాత్రం టెనియల్ గురి తప్పలేదు. 1876 వేసవిలో టర్కీ సైన్యాల కింద బల్గేరియాలో ఊచకోతలు జరిగాయని వార్తలొస్తే, అవి అతిశయోక్తులని డిజ్రాయిలీ తేలిగ్గా కొట్టిపారేశాడు. ఆగస్టు 5 నాటి కార్టూనులో ఆయన కుర్చీలో తాపీగా కూర్చుని కాగితాలు చదువుతున్నాడు. బ్రిటానియా వచ్చి వెనక జరుగుతున్న మారణకాండను చూపిస్తోంది. అధికారిక నివేదికల్లో అలాంటివేమీ కనబడటం లేదే అంటాడాయన. ఇక్కడ తలపాగా లేదు, మంత్రదండం లేదు. కుర్చీలో కదలకుండా కూర్చున్న మామూలు అధికారి ఉన్నాడు. నా దృష్టిలో టెనియల్ గీసిన డిజ్రాయిలీలందరిలో నిజమైన అభియోగం మోపిన బొమ్మ ఇదే. అందులో ఆయన తప్పుకు ఆయన పుట్టుక సాక్ష్యం కాదు, ఆయన మాటే సాక్ష్యం.

కానీ ఆ దారి నిలవలేదు. బల్గేరియా గొడవ పెరిగేకొద్దీ, టర్కీ వైపు మొగ్గడానికి ఆయన యూదు రక్తమే కారణమని చదువుకున్న పెద్దలు కూడా రాయడం మొదలుపెట్టారు. చరిత్రకారుడు ఇ. ఎ. ఫ్రీమన్ అందులో ముందున్నాడు. కార్టూన్లలో ముక్కు ఇంకా వంకర తిరిగింది, పెదవులు ఇంకా దళసరి అయ్యాయి. ఆయన్నే సింహికా విగ్రహంగా గీశారు, మనసులో మాట ఎవరికీ అందని రాయిగా. రష్యాను అడ్డుకోవడానికి టర్కీని నిలబెట్టడం బ్రిటన్‌కు కొత్త కాదు, అదే పని మీద ఇరవై ఏళ్ల ముందు క్రిమియాలో యుద్ధమే చేసింది. పాత ఇంగ్లిష్ విధానాన్నే డిజ్రాయిలీ కొనసాగించినా, బొమ్మలో మాత్రం అది పరాయి కుట్రగా మారింది.

1878లో రష్యా, టర్కీల తగవు తేల్చడానికి యూరప్ రాజ్యాలు కూర్చున్న బెర్లిన్ మహాసభకు డిజ్రాయిలీ వెళ్లాడు. తిరిగొచ్చి గౌరవంతో కూడిన శాంతిని తెచ్చానన్నాడు. ఆగస్టు 3న పంచ్‌లో డిజ్రాయిలీ, విదేశాంగమంత్రి సాలిస్‌బరీ గార్టర్ అనే రాచబిరుదు అలంకారాలతో బాలే నాట్యం చేస్తున్నారు. అదే సభను ఆంటన్ ఫాన్ వెర్నర్ పెద్ద తైలవర్ణ చిత్రంగా వేసి 1881లో పూర్తిచేశాడు. అందులో ఎడమవైపున డిజ్రాయిలీ చేతికర్ర మీద ఆని, కుర్చీలో ఉన్న రష్యా వృద్ధ మంత్రి గొర్చకోవ్‌తో మాట్లాడుతున్నాడు. ఆ ఏడు ఆయనకు 73 ఏళ్లు, నడవడమే కష్టం. వెర్నర్ బొమ్మలో ఆ అలసట ఉంది. నాట్యం బొమ్మ నవ్విస్తుంది, కానీ అందులో ఇద్దరు నర్తకుల్లో రెండోవాడు ఆ ఏడు ఏప్రిల్ వరకూ, అంటే కరువు రోజుల్లో, ఇండియా వ్యవహారాల మంత్రి. ఇంగ్లండ్‌లో అప్పుడు ఆ సంగతి గుర్తుచేసిన గీత కనబడదు.

చివరి చిత్తరువుల్లో రాణి హస్తం ఎక్కువ. 1877లో ఆమె కోసం ఆస్ట్రియా చిత్రకారుడు హైన్రిక్ ఫాన్ ఆంజెలీ ఆయన్ని చిత్రించాడు. బెర్లిన్ నుంచి రాగానే, 1878 జులైలో, ఆమె ఆదేశం మీద ఆస్బర్న్ భవనంలో జేబెజ్ హ్యూస్ ఫొటో తీశాడు. కార్టూన్లు చూసి చూసి ఆ ఫొటో చూస్తే ఉలిక్కిపడతాం. ముక్కు అంత వంకర కాదు. కళ్లలో కుట్ర లేదు, నిద్రలేమి ఉంది. నుదుటి మీది పాయకు రంగు వేసిన సంగతి మాత్రం దాగడం లేదు.

1881 మార్చిలో చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే ఆయన్ని ఎదురుగా పెట్టుకుని చిత్రించడం మొదలుపెట్టాడు. కొద్దిసార్లు మాత్రమే కుదిరింది. నల్ల కోటు, చేతులు కట్టుకుని నిలబడిన భంగిమ, వెనక చీకటి. ఏప్రిల్‌లో ఆయన చనిపోవడంతో బొమ్మ అసంపూర్తిగా ఆగింది, అయినా రాణి కోరిక మీద ఆ ఏడు రాయల్ అకాడమీ ప్రదర్శనలో పెట్టారు. రెండేళ్ల ముందు, 1879లో, అదే మిలే గ్లాడ్‌స్టన్‌ను చిత్రించాడు. రెండు చిత్తరువులూ లండన్‌లో జాతీయ చిత్తరువుల మ్యూజియం సేకరణలో ఉన్నాయి. పక్కపక్కన చూస్తే ఇద్దరూ ఒకే తరానికి, ఒకే సభకు చెందిన ముసలి ఇంగ్లిష్ నాయకులు. ఇద్దరిదీ ఒకే రకం నలుపు, ఒకే రకం నిశ్చలత. కార్టూన్లలో వీళ్లిద్దరూ ఎన్నడూ ఇలా కనిపించలేదు. అక్కడ గ్లాడ్‌స్టన్ తప్పు చేస్తే అది గ్లాడ్‌స్టన్ మొండితనం, డిజ్రాయిలీ తప్పు చేస్తే అది డిజ్రాయిలీ జాతి. 1881 మేలో ప్రధానిగా ఉన్న గ్లాడ్‌స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో డిజ్రాయిలీకి స్మారకం పెట్టాలని సభలో తానే ప్రతిపాదించాడు. 1893లో మళ్లీ ఆయన ప్రధానిగా ఉన్నప్పుడే టెనియల్‌కు సర్ బిరుదు దక్కింది. రెండేళ్ల తర్వాత పంచ్ చరిత్ర పుస్తకంగా వచ్చేనాటికి అల్లావుద్దీన్ మాంత్రికుడు పేరుమోసిన కార్టూను. బిరుదు మాత్రం ఇంకో అర్ధశతాబ్దం నడిచింది. ఆరో జార్జి ఇండియా చక్రవర్తి అన్న మాటను తన బిరుదుల్లోంచి తొలగించింది 1948 జూన్‌లో.